కంపెనీ బస్సు డ్రైవరు

తిరుప్పూరు బనియన్ కంపెనీలో నాది కుట్టుపని. ఉడుమలైపేట పక్కనున్న మా ఊరినుంచి ఆడవాళ్లమందరం కంపెనీ బస్సులోనే పోతాం. పోయిన ఏడు పాత డ్రైవరు మానుకున్నాడు. కొత్తాయన్ని చూసిన పొద్దున నా కాలు మెట్టుమీదే ఆగిపోయింది. మా తమ్ముడి చావుకు కారణమైన మనిషి అతను.

తమ్ముడు టెంకాయల మండీనుంచి బండిమీద వస్తూ, అతను రోడ్డు వారగా నిలిపిన ట్రాక్టరు ట్రెయిలరును చీకట్లో గుద్దుకున్నాడు. వెనక లైటు లేదని మేమన్నాం. ఉండిందని అతను కోర్టులో చెప్పాడు. చూసినవాళ్లు లేరు. అతనికి శిక్ష పడలేదు.

ఆ దుఃఖంలోనే అమ్మా నేనూ చర్చికి పోవడం మొదలుపెట్టాం. చుట్టాలు ముఖం తిప్పుకున్నారు. పాస్టరమ్మ మాత్రం మా ఇంటికొచ్చి మాతోబాటు కూర్చుని ఏడ్చింది. మా ఇంట్లో మాట తెలుగైనా, చర్చిలో ప్రార్థనంతా తమిళమే. అందరితో కలిసి చెప్పేదాన్ని. ఇతరుల తప్పులు క్షమించే మాట దగ్గర మాత్రం నోరు పెగిలేది కాదు.

ఆ పొద్దున బస్సు దిగేసి, అప్పటినుంచి టౌను బస్సులు మారి పోయాను. రోజూ లేటే. సూపర్‌వైజరు పని తీసేస్తానన్నాడు. పాస్టరమ్మతో చెప్పుకున్నాను.

"క్షమించాలనే ఉండాది పాస్టరమ్మా. అతను స్టీరింగు పట్టుకుంటే నాకు గుండె దడ."

"దడ ఉంటే ఉండనీ తల్లీ. అతని కోసం ప్రార్థన చెయ్యి. మనసు రాకపోయినా చెయ్యి."

చేశాను. సగం రోజులు పళ్లు బిగించే చేశాను.

ఒక సాయంత్రం పెద్ద వాన. టౌను బస్సు రాలేదు. కంపెనీ బస్సు నా ముందర ఆగింది. "ఎక్కమ్మా" అన్నాడు, నా వైపు చూడకుండా. ఏసయ్యా అనుకుంటూ ఎక్కి, ముందు సీటులో కడ్డీ పట్టుకుని అతని చేతులనే చూస్తూ కూర్చున్నాను. ప్రతి అడ్డరోడ్డు దగ్గరా బస్సు దాదాపు ఆపేస్తున్నాడు. వెనకనుంచి ఆడవాళ్లు విసుక్కున్నారు. అతను వేగం పెంచలేదు.

మా ఊళ్లో చివరగా దిగాను. దిగి, వెనక్కి తిరిగి చెప్పేశాను.

"నిన్ను క్షమించే మనసియ్యమని ఏసయ్యను అడుగుతా ఉండాను. ఇంకా పూర్తిగా చేతకాలేదు."

అతను ఇంజను ఆపాడు.

"లైటు లేదమ్మా ఆ పొద్దు. పిల్లలు గుర్తొచ్చి భయపడి అబద్ధం చెప్పినా."

నిజం తెలిస్తే మనసు చల్లబడుతుందనుకునేదాన్ని. కోపం కొత్తగా రగిలింది. వానలో తడుస్తూ ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. అమ్మ లోపలికి పోయి మోకరించింది. నేనూ పక్కన కూర్చున్నాను. "వాడి పిల్లల్ని కాపాడు సామీ" అని అమ్మ తెలుగులో అనడం విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, నేనూ అతన్ని క్షమించానని నోరు తెరిచి చెప్పాను.

మరుసటి పొద్దునుంచి కంపెనీ బస్సులోనే పోతున్నాను. అడ్డరోడ్డు వస్తే ఇప్పటికీ అరచేతులు చెమటపడతాయి. కొన్ని రోజులు కోపం మళ్లీ లేస్తుంది, మళ్లీ దేవుడికే అప్పజెబుతాను. మొన్న దిగుతూ, "రేపు నేను వచ్చేదానికి కొంచెం లేటవుతాది అన్నా, ఉంటావా?" అన్నాను.

"ఉంటానమ్మా" అన్నాడు.