నోరు నెమ్మదించినందుకు పొంగలి

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేకపోయానంటే, నాకు అక్షరాలు రాకపోవడం వల్లే. చిన్నప్పుడు వేరుశనగ చేలలో కలుపు తీశాను గానీ బడి గడప తొక్కలేదు. మనవరాలు పుట్టాక, మా పొదుపు సంఘం ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట చెప్పే చదువులో కూర్చుని నేర్చుకున్నాను. ఎవరి గురించి రాస్తున్నానో ఆమెనే ముందు అడిగాను, రాయనా అని.

"రాయక్కా. కానీ నన్ను మంచిదాన్ని చేసి రాస్తివా, చూడు మల్ల!" అంది నా తోడికోడలు.

ఆమె నోరు పత్తికొండ టమాటా మార్కెట్ అంతటికీ తెలుసు. మేమిద్దరం అక్కడ కాయలు ఏరి బాక్సులకు నింపుతాం. కుళ్లిన కాయ చేతికొస్తే దాన్ని, పండించిన రైతును, కొనబోయే వ్యాపారిని వరసగా తిట్టిపోసేది. తిట్లు తిన్న రైతులే నవ్వేవాళ్లు. ఇంట్లో మా అత్త మాత్రం తట్టుకోలేక, కోడలి నోరు నెమ్మదిస్తే పొంగలి పెడతానని దేవునికి మొక్కుకుంది.

పోయిన ఎండాకాలం ఆ నోరు నిజంగానే మూతబడింది. అత్త సంబరంగా పొంగలి పెట్టింది. "ఇప్పుడు ఇల్లు ఇల్లు మాదిరి ఉండాది వదినా" అన్నాడు ఆమె మొగుడు, మా మరిది. నేనూ తిన్నాను, రుచిగానే ఉంది.

అయితే రోజూ ఆమె పక్కన కూర్చునేది నేను. కుళ్లిన కాయను కూడా చూడకుండా మంచివాటిలో వేస్తోంది. తెచ్చుకున్న రొట్టె విప్పకుండానే ఇంటికి తీసుకుపోతోంది. నిద్ర లేదు, తలకు నూనె లేదు. దర్గాలో తాయెత్తు కట్టించాం. అక్కడ కాసేపు ప్రశాంతంగా కూర్చుంది, ఇంటికొస్తే మళ్లీ అంతే. వారాలు గడిచాయి. ఒకరోజు కాయలు ఏరుతూ, "నేనుంటే ఏమి, పోతే ఏమక్కా మీకు" అంది. కోపంగా అనుంటే భయపడేదాన్ని కాదు. కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా అంది.

ఇక ఆమెను ఒంటరిగా వదల్లేదు. మరిదికి చెప్తే, "పిచ్చి డాక్టరు దగ్గరికా? ఊర్లో ఏమనుకుంటారు వదినా?" అన్నాడు.

"జ్వరమొస్తే ఊరినడిగే పోతాండావా అప్పా? నువ్వు రాకుంటే నేనే పిల్చుకపోతా."

మరిది రాలేదు, నేనే కర్నూలు పిల్చుకుపోయాను. అక్కడ డాక్టరమ్మ తిన్నగా అడిగింది, "చనిపోవాలని అనిపిస్తోందా?" అని. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అనుకున్నాను. నా తోడికోడలు మాత్రం అవునని ఏడ్చింది. తర్వాత చాలాసేపు మాట్లాడింది. అన్ని వారాల్లో ఆమె అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు.

"ఇది జబ్బమ్మా, నయమవుతుంది. మాత్రలు వేసుకోవాలి, వచ్చి నాతో మాట్లాడుతుండాలి. తగ్గింది కదా అని మీ అంతట మీరే ఆపొద్దు" అంది డాక్టరమ్మ.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం నేను పగిలిన కాయను మంచి బాక్సులో వేశాను. "కండ్లు యాడ పెట్టుకోని ఏరుతాండావక్కా? నీ మొగుడు నిన్ను ఎట్ల భరిస్తాండాడో!" అని అరిచింది. మార్కెట్ అంతా ఒక్కసారి నవ్వింది. నేను నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

మా అత్త విని, "మొక్కు తీర్చేసినానే! ఇప్పుడు దేవునికి ఏం చెప్పల్ల?" అంది.

"ఇంకొక పొంగలి పెట్టత్తా, నోరొచ్చినందుకు" అన్నాను నేను.

నిజంగానే పెట్టింది, బెల్లం ఎక్కువేసి. అది తింటూ మరిది, "బాగైపాయె కద, ఇంక మాత్రలెందుకు?" అన్నాడు. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. అతను నమ్మలేదు. నా తోడికోడలు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

మరుసటి రోజు పొద్దున్నే రొట్టెలు కాల్చి, వేరుశనగ పొడి మూటగట్టి, ఇద్దరినీ వెంటబెట్టుకుని కర్నూలు బస్సెక్కాను. డాక్టరమ్మ గదిలోకి ఈసారి మరిదిని ముందు పంపించాను.