రెండంగుళాలమ్మ బీరువా

మా అక్క బీరువా తలుపులు మూతపడక పదేళ్లయింది. పాత కొలత టేపుతో రెండు పిడులూ కలిపి కట్టి, ముడి మీద ముడి వేసి ఉంచేది. ఆ ముడి విప్పితే చాలు, గౌన్లూ కోట్లూ మీద పడేవి. "ఏడాదిగా వేసుకోనివి తీసి పారెయ్యవే" అని పదేళ్లుగా పోరుతున్నాను. "నీకెందుకే, నీ ఇంట్లో ఉందా ఈ బీరువా?" అని నా నోరు మూయించేది. బొటనవేలంత గుడ్డ పీలిక కూడా పారెయ్యని మనిషి. నేనేమో బస్టాండులో టికెట్ల కౌంటరు దగ్గర కూర్చునేదాన్ని. రోజంతా జనం మీద అరిచి, మిగిలిన అరుపులు తెచ్చి దాని మీద అరిచేదాన్ని.

అలాంటిది మొన్న ఆదివారం పొద్దున్నే ఫోను చేసింది.

"పెద్ద సంచులు నాలుగు పట్టుకురా. బీరువా ఖాళీ చేసేద్దాం."

ఎగిరి గంతెయ్యాలి కదా నేను? వెయ్యలేదు. సంచుల కోసం వెతుకుతూ, వెతికిన అలమరే మళ్లీ తెరిచాను.

అక్కది ఇంటి కిందే చిన్న కుట్టుపని కొట్టు. ఒక మిషను, ఒక బల్ల, గోడకు నిలువుటద్దం. బోర్డు మీద తన పేరు ఉంది గానీ ఆ వీధిలో ఎవరికీ అది గుర్తులేదు. అందరికీ రెండంగుళాలమ్మే. ఎవరికి ఏం కుట్టినా పక్క కుట్ల దగ్గర లోపల రెండంగుళాల గుడ్డ వదులుతుంది. మిగతా దర్జీలు అంగుళం వదిలితే అదే గొప్ప. "ఇంత ఎందుకమ్మా?" అని ఎవరైనా అడిగితే, "రేపు ఒళ్లు చేస్తే ఏం చేస్తావ్? ఉగ్గబట్టుకు తిరుగుతావా?" అని వాళ్లనే గదమాయిస్తుంది. రొట్టెల బట్టీ ఆయన ఒకే ప్యాంటు నాలుగుసార్లు వదులు చేయించుకున్నాడు. ఐదోసారి వస్తే, "ఇంక లోపల గుడ్డ లేదు నాయనా, ఇకనుంచి నువ్వే తగ్గాలి" అని పంపేసింది.

ఈ రెండంగుళాలకు కారణం నేనే. అక్క పదిహేనేళ్లకే స్కూలు యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో చేరింది. నా గౌను కూడా అక్కడే కుట్టారు. మేస్త్రీ గుడ్డ మిగుల్చుకోవడానికి లోపల వేలెడంత కూడా వదల్లేదు. నేనేమో ఆ ఏడాదే ఏపుగా పెరిగాను. ఆటల పీరియడ్‌లో చెయ్యెత్తేసరికి చంక నుంచి నడుము దాకా పర్రున చిరిగింది. క్లాసు క్లాసంతా ఒకటే నవ్వు. పుస్తకాల సంచి పక్కకు అదుముకుని ఏడుస్తూ ఇంటికొచ్చాను. "ఇంతేనా, వదులు చేసిస్తాలే" అని అక్క గౌను తిరగేసింది. వదులు చెయ్యడానికి గుడ్డేది? దాన్ని ఒళ్లో పెట్టుకుని అక్క నాకన్నా ఎక్కువ ఏడ్చింది. ఆ తర్వాతి గౌను మేస్త్రీతో పోట్లాడి తనే కోసింది. దాన్ని నేను మూడేళ్లు వేసుకున్నాను.

పోయినేడు అక్కకు కడుపులో గడ్డని ఆపరేషను చేశారు. ఆరు నెలలు మందు ఎక్కించారు. మనిషి సగమైంది. అప్పట్నుంచీ మూడు నెలలకోసారి స్కాను. ఈసారిది తీసి రెండు వారాలైంది. "రిపోర్టు ఏమంది?" అని అడిగితే "బాగానే ఉందట" అంది. నమ్మాను. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాను.

సంచులతో వెళ్లేసరికి బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మంచం మీద బట్టల కుప్ప. ఆ పక్కన మడతపెట్టిన నాలుగు కొత్త గౌన్లు. బావ గుమ్మంలోకి వచ్చి, కుప్పనూ నన్నూ చూసి, "నన్నేం అడక్కండి తల్లీ" అని టీ గ్లాసు పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

"ఈ ఆకుపచ్చ స్వెట్టర్?" అన్నాను.

"తీసెయ్."

"ఈ నీలం కోటో? బావ కొన్నది కదే!"

"తీసెయ్యమన్నానా!"

ఒక్కదాన్ని కూడా పట్టుకు చూడదు. కూర్చుంటుంది, లేస్తుంది. కిటికీ తెరుస్తుంది, మళ్లీ మూస్తుంది. కిందికి వెళ్లింది. మిషను చప్పుడు. ఏం కుడుతోందోనని మెట్ల మీంచి తొంగి చూస్తే, సూది కింద ఏమీ లేదు. ఊరికే తొక్కుతోంది. గుడ్డ లేకుండా మిషను తొక్కకూడదని చిన్నప్పుడు నా చెవి మెలేసి నేర్పింది ఈవిడే. మళ్లీ పైకి వచ్చి గబగబా సంచుల్లో కుక్కడం మొదలుపెట్టాను. చేతులకు ఏదో ఒక పని ఉండాలిగా.

మూడు సంచులు నిండాయి. ఉంచుకోవలసినవి ఆ కొత్త గౌన్లు నాలుగే. ఈ రెండు వారాల్లోనే తన కొత్త కొలతకు కుట్టుకుంది. బీరువాలో పెడదామని ఒకటి అందుకుని, అక్క నేర్పినట్టే తిరగేసి మడవబోయాను. వేలికి కుట్టు తగిలింది. కుట్టు పక్కనే గుడ్డ అంచు. అంతే, ఆ తర్వాత ఏమీ లేదు. చిటికెన వేలి గోరంత వదిలి, మిగతాది కోసేసింది.

రెండోది తిరగేశాను. మూడోది. నాలుగోది. ఒక్కదానికీ లోపల గుడ్డ లేదు.

అక్క అప్పుడే పైకి వచ్చింది. నా చేతిలో గౌను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంటే?" అన్నాను.

"గుడ్డ చాలలేదు."

"నాలుగింటికీనా? రొట్టెలాయన ప్యాంటుకి చాలిన గుడ్డ నీకు చాలలేదా?"

నా చేతిలోంచి గౌను లాక్కోబోయింది.

"రిపోర్టు ఎక్కడుంది? చూపించు."

"తెచ్చుకోలేదు."

"తెచ్చుకోకపోవడం ఏంటి? బాగానే ఉందట అన్నావుగా!"

"ఆసుపత్రి వాళ్లు రెండుసార్లు ఫోను చేశారు. ఎత్తలేదు. బాగుంటే రెండుసార్లు ఎందుకు చేస్తారే?" అంది. మంచం మీద బట్టలు పక్కకు నెట్టి కూర్చుంది. "అమ్మ పోయాక ఆవిడ బట్టల పెట్టె తెరిచి నువ్వేం చేశావో మర్చిపోయావా? ఒక్కో గుడ్డా మొహానికి అదుముకుని మూడు రోజులు తిండి మానేశావు. నాది ఇంత పెద్ద బీరువా. నీవల్ల కాదు. అందుకే ముందే తీసేస్తున్నా."

నా కోపం సంగతి మీకు తెలియదు. టికెట్టుకు చిల్లర ఇవ్వని వాణ్ని వదలను. ఆ కోపమంతా ఆ క్షణంలో నా మీదికే తిరిగింది. పదేళ్లు తీసెయ్ తీసెయ్ అని పోరింది నేనే. ఈవిడ ఏం తీసేస్తోందో చూసుకోకుండా పొద్దుట్నుంచీ సంచుల్లో కుక్కిందీ నేనే. నా చేతులు విరిచేసుకోవాలనిపించింది. లేచి మూడు సంచులూ నేల మీద బోర్లించేశాను.

"ఏయ్, పిచ్చిదానా! పొద్దుట్నుంచీ..."

"నోర్ముయ్! నాకు రెండంగుళాలు వదిలినదానివి, నీకు గోరంతేనా వదులుకునేది? ఎవరిచ్చారే నీకు ఆ హక్కు?" అని అరిచాను. కింద కొట్టు ముందు నిలబడ్డ బావకు కూడా వినబడే ఉంటుంది.

అక్క కింద పడ్డ నీలం కోటు తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత "నాకు భయంగా ఉందే" అంది.

"నాకు లేదనుకున్నావా?"

ఇద్దరం ఆ బట్టల మధ్యే కూలబడి ఏడ్చాం. ఏడుపు అయ్యాక అక్క కొంగలా మెడ సాచి నేలంతా చూసింది. "ఆ ఎర్రది మాత్రం నిజంగానే పారెయ్యాలి. చిమ్మెట కొట్టేసింది" అంది. సరే, అప్పుడు కూర్చుని మొదట్నుంచీ మళ్లీ తీశాం. చిరిగినవి, వెలిసిపోయినవి, ఎప్పుడూ నచ్చనివి రెండు సంచులయ్యాయి. నీలం కోటు ఉంచుకుంది. దాన్ని బిగించుకుంటుందట, లోపల గుడ్డ కొయ్యదట. టేపు ముడి లేకుండానే బీరువా మూతపడింది.

మర్నాడు సెలవు పెట్టి అక్కను ఆసుపత్రికి లాక్కెళ్లాను. దారి పొడవునా సంచి జిప్పు తీస్తూ వేస్తూనే ఉంది. అక్కడ రిపోర్టు కవరు తీసుకుని నా చేతికిచ్చి "నువ్వే పట్టుకో" అంది. డాక్టరమ్మ చదివింది. చిన్న మచ్చ ఒకటి మళ్లీ కనబడిందట. ఇంకా పాకలేదట. వచ్చే వారం నుంచి మళ్లీ మందు మొదలుపెట్టాలి. ఇంకో నెల ఆగి ఉంటే కష్టమయ్యేదట. అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని అంతా విన్నది.

"ఈ మందుకి ఒళ్లు తగ్గుతుందా, వస్తుందా?" అని అడిగింది.

"ఇది వేరే మందమ్మా. కొందరికి ఒళ్లు వస్తుంది" అంది డాక్టరమ్మ.

తిరిగి వస్తూ బస్టాపు దాటించి నన్ను బట్టల కొట్టులోకి తీసుకెళ్లింది. తానులు తిప్పి తిప్పి, సన్న పువ్వులున్న పసుపు గుడ్డ పట్టుకుంది. గౌనుకని చెబితే కొట్టాయన అక్కను పైనుంచి కింది దాకా చూశాడు.

"మీకు రెండున్నర మీటర్లు చాలమ్మా."

"మూడు కొయ్యి" అని గదమాయించింది అక్క. "లోపల వదలాలి నాకు."