మా స్టాపింగులో బస్సు నిక్కదు

చేతిలో ఫోను, అందులో నెట్టు ఉంటే చాలు, లోకంలో ఏ అన్యాయమూ సాయంత్రం దాకా బతకదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. అప్పుడే తిరువళ్ళూరు దగ్గర ఒక కంపెనీలో ప్యాకింగు పనికి చేరాను. తమిళసీమ అంచున ఉన్న మా తెలుగు పల్లెలో, పొదటూరుపేట వైపు నుంచి వచ్చే పొద్దుటి బస్సెక్కి తిరుత్తణి చేరుకుంటే, అక్కడ ఎలక్ట్రిక్ రైలు దొరుకుతుంది. చిక్కల్లా, ఆ బస్సు మా స్టాపింగులో ఆగేది కాదు. మేం చేతులూపితే డ్రైవరు కూడా చెయ్యూపి (మర్యాదస్తుడే) వెళ్ళిపోయేవాడు. నాతోబాటు నిలబడే మా మేనత్త తిరుత్తణి కొండ కింద మల్లెమొగ్గలు అమ్మేది. తర్వాతి బస్సుకు పోతే అవి విచ్చుకుని, అడిగేవాళ్ళుండరు. నాకైతే సూపర్వైజరన్న (ఆయనదీ మా పక్క తెలుగే) తేల్చి చెప్పేశాడు: "ఇంకొకతూరి లేటుగా వస్తే గేటు బయటే నిలబడల్ల మే. నేనేం చేసేదానికి లేదు."

ఒక పొద్దున ఫోను ఎత్తి పట్టుకుని ప్రసంగం మొదలుపెట్టాను. "అన్నలారా, అక్కలారా, మా స్టాపింగులో బస్సు నిక్కదు..." అంటూండగానే బస్సు వచ్చింది, ఆగకుండా పోయింది. మా అత్త నెత్తిన పూలబుట్టతోనే, "రేయ్ నాయనా, నిలపరా, నీకు పుణ్యముంటాది!" అని అరుస్తూ దాని వెనకాల పరుగెత్తింది. అదంతా వీడియోలో పడింది. ఉన్నది ఉన్నట్టే పెట్టేశాను.

సాయంత్రానికి ఊళ్ళకు ఊళ్ళు చూసేశాయి. అయితే అందులో బస్సును చూసినవాళ్ళెవరు? అత్త పరుగుకు ఎవరో డప్పు కలిపారు. ఇంకెవరో ఆమెలాగే బుట్ట పెట్టుకుని చిందులేశారు. మిగిలినవాళ్ళు నా భాష మీద పడ్డారు. తమిళంలో 'నిక్కాదు' అంటే ఆగదని అర్థం. ఆ మాట మా తెలుగులోకి ఎప్పుడు ఎక్కి కూర్చుందో (దానికైనా సీటు దొరికింది) నాకు తెలియదు. ఆంధ్రా వైపువాళ్ళకేమో నిక్కడమంటే గర్వంతో బిగుసుకోవడం. "బస్సు నిక్కదా? పాపం, ఎంత అణకువో!" అని ఒకాయన. "ముందు తెలుగు నేర్చుకోమ్మా" అని ఒకావిడ. "తమిళంలోనే చెప్పొచ్చు కదా" అని మరొకరు. నేను బోరుమని ఏడ్చి, వీడియో తీసేయబోయాను.

అత్త ఫోను లాక్కుంది. "యాడ, చూపీ. నన్ను చూసి నగినారా?"

"నగినారత్తా. నా మాటకు ఇంకా నగినారు."

"నగనీ మే. నగేదానికైనా రేపు మళ్ళా వస్తారు గదా? వచ్చినోళ్ళకు బస్సును చూపీ. అది నిలిచేదాకా చూపిస్తానే ఉందాం. నువ్వు మాట మాత్రం మార్చొద్దు. అది మన మాట."

ఇక పట్టు పట్టాం. పొద్దునయితే వీడియో, ఆనక నాకు కంపెనీ గేటు బయట గంటసేపు నిలబడడం, ఆ గంటకు జీతం కోత. ఒకనాడు అత్త కర్పూర హారతి పట్టుకుని రోడ్డు పక్కన నిలబడింది (డ్రైవరు వేగం తగ్గించకుండానే దణ్ణం పెట్టి పోయాడు). ఇంకొకనాడు ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వేసుకుని, "నాయనకు తీరిక దొరికేదాకా ఈడే కూసుంటా" అంది. నవ్వడానికి వచ్చినవాళ్ళే మెల్లమెల్లగా "ఈరోజైనా ఆగిందా?" అని అడగసాగారు. అంతలో పళ్ళిపట్టు దగ్గర బడిపిల్లలు తమ స్టాపింగులో నిలబడి ఒక వీడియో పెట్టారు. వాళ్ళ చేతుల్లో అట్టముక్క, దాని మీద తమిళ అక్షరాల్లో మా తెలుగు: "ఈడ కూడా నిక్కదు." అది చూసి ఊత్తుకోట నుంచి ఒక తాత తన గోడు తానే తీసి పెట్టాడు. కడకు, అణకువ అని వెక్కిరించిన ఆంధ్రా ఆయన కూడా "అమ్మా, మా ఊళ్ళోనూ నిక్కదు" అని రాశాడు. ఆ తర్వాత నా మాటను ఎవరూ దిద్దలేదు.

ఒక పొద్దున డిపో నుంచి ఒక పెద్దాయన మా స్టాపింగుకే వచ్చి, మాతోబాటు నిలబడి, బస్సు పోవడం కళ్ళారా చూశాడు. "మా ఇంట్లో పాప రోజూ ఇదే అడగతా ఉండాది, ఈపొద్దన్నా నిలిచినాదా నాయనా అని. నెమ్మదిగా అన్నం తినేదానికి లేదు" అని అత్తతో మొరపెట్టుకున్నాడు.

మరునాడు బస్సు ఆగింది. నాకు ఒళ్ళు తెలియలేదు. ఫోను పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ, బస్సు మొత్తం కనబడేలా తీశాను. అత్త ఎక్కింది, బుట్ట ఎక్కింది, మా వెనకాల నిలబడ్డవాళ్ళంతా ఎక్కారు. కండక్టరు విజిల్ వేశాడు. బస్సు వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి బస్సు, ఆ తర్వాతి రైలు పట్టుకుని కంపెనీకి చేరేసరికి సూపర్వైజరన్న గేటు దగ్గరే ఉన్నాడు. "ఈపొద్దు కూడా నిలపలేదా మే?"

"నిలిపినాడన్నా. నేనే ఎక్కలా."

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం కాసేపు అదిరాయి. తర్వాత గేటు తియ్యమన్నాడు.

ఆ ఒక్క వీడియోను నేను ఎక్కడా పెట్టలేదు. మనసు బాగాలేనప్పుడు ఇప్పటికీ తీసి చూసుకుంటాను. కదిలిపోతున్న బస్సు కిటికీలోంచి అత్త నా పేరు పెట్టి అరుస్తూ ఉంటుంది. ఫోను వెనకాల ఉన్న ఆ పిల్లకు అదేమీ వినబడదు. గొంతు నిండా ధీమాతో లోకానికంతటికీ చెబుతూనే ఉంటుంది: "చూడండి, అందరూ ఎక్కేసినారు!"