చిప్పతో తోడాల్సిన నీళ్లు

పందొమ్మిదొందల అరవైల్లో ఎండాకాలమొస్తే మూడు కుటుంబాలం గొర్రెలతో సముద్రం ఒడ్డున జువ్వలదిన్నె ఇసకదిబ్బల మీద గుడారాలు వేసుకునేవాళ్లం. ఇసకలో మోచేతి లోతు చెలమ తీసి, ఊరిన నీళ్లను కొబ్బరిచిప్పతో తోడుకోవాలి. కొత్తకోడల్ని, నాకంత ఓపిక ఎక్కడిది! ఆ రోజు గొర్రెలు దప్పికతో అరస్తా ఉంటే, “లోతుకు పోబాకమ్మే” అని అత్త మొత్తుకున్నా వినకుండా పారతో నడుములోతు తవ్వినాను. నీళ్లు గబగబా ఊరినాయి. అత్త ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేసింది. అడుగునుండే ఉప్పునీళ్లు పైకొచ్చి మంచినీళ్లలో కలిసిపోయినాయి.

ఒక్కరూ తిట్టలేదు. తిట్టినా బాగుండు. ఇంక ఆ చోట మంచినీళ్లు ఊరవని మిట్టమధ్యాహ్నం ఎండలో గుడారాలు పీకినారు. కుండలో మిగిలిన గుక్కెడు మంచినీళ్లు అత్త నాకే ఇచ్చింది.

“తాగు. ఇంకో చెలమ తవ్వాల్సింది నువ్వే గదా” అనింది.