మూడింట ఒక వంతు మొక్కుబడి

పూజారి ఇంట పుట్టి, మాంసం వాసన తగిలితే వీధి మారి నడిచే మనిషి ఒకే పూటలో పన్నెండు గొర్రెలను అమ్మవారికి మొక్కుకోవడం ఎక్కడైనా విన్నారా? ఆ ఘనుణ్ణి నేనే. అదీ బడి వేళల్లో, బడి ఆవరణలో నిలబడి, పాఠం చెబుతూ. ఆ పాఠం వల్ల ఒక మనిషి కాడెద్దు, ఒక పిల్ల చదువు, నా ఉద్యోగం మూడూ గంగలో కలవబోయాయి. అయినా ముందే చెబుతున్నాను, పాఠం మాత్రం మంచిది. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, ఆ మాట నేను వెనక్కి తీసుకోను.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. మాది ప్రొద్దుటూరు. నాకు ఇరవై ఏళ్ళు, బేసిక్ ట్రైనింగ్ పూర్తి చేసి పెద్దముడియం దగ్గర ఒక పల్లెలో ఏడో తరగతికి అయ్యవారిగా చేరాను. ట్రైనింగులో మాకు నూరిపోసింది ఒకటే: లెక్కలు వేరు, సైన్సు వేరు, భూగోళం వేరు అని విడదీయకూడదు, ఏదో ఒక పనిని పట్టుకుని దాని చుట్టూ అన్ని పాఠాలూ అల్లాలి. మాకు నేర్పిన పని తకిలీతో నూలు వడకడం. నూలు వడకడం నాకు చివరిదాకా రాలేదు. అల్లడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

మా హెడ్మాస్టరు సుబ్బరాయుడు గారికి రిటైరు కావడానికి రెండేళ్ళుంది. ఆ రెండేళ్ళూ బడిలో ఏమీ జరగకుండా ఉంటే చాలునని ఆయన కోరిక. అటువంటి మనిషి ఒకరోజు పొద్దున కాగితం పట్టుకుని వచ్చి, రేపే ఇన్స్పెక్టరు వస్తున్నాడని, నా కొత్త పద్ధతి పాఠం చూస్తాడని చెప్పారు. ఆఫీసు నుంచి తకిలీలు వచ్చాయి గానీ దూది రాలేదు. ఏం చూపించాలా అని కిటికీలోంచి బయటికి చూశాను. పక్క చేనిలో ఎరువు కోసం కట్టిన మంద కనిపించింది. ముప్పై ఆరు నల్ల గొర్రెలు. నా తలలో దీపం వెలిగింది.

ఆ మంద ఎర్రన్నది. ఎర్రన్న కూతురు నాగమ్మ మా ఏడో తరగతిలో ఒకే ఒక్క ఆడపిల్ల. వాళ్ళింటి సంగతి నాకు బాగా తెలుసు. ఎర్రన్నకు కొంచెం మెట్ట ఉంది, ఎద్దు ఒకటే ఉంది. పన్నెండు గొర్రెలు అమ్మి రెండో ఎద్దు కొంటే సొంత సేద్యం సాగుతుంది, మంద వెంట అతని తమ్ముడు పోతాడు, పిల్ల చదువుకుంటుంది. ఎద్దు రాకపోతే అన్నదమ్ములిద్దరూ కూలికి పోవాలి, మంద వెంట నాగమ్మ పోవాలి. ఇదంతా నేను నా డైరీలో విద్యార్థి కుటుంబ పరిస్థితి అని శీర్షిక పెట్టి ముచ్చటగా రాసుకున్నాను కూడా. రాసుకోవడం వేరు, బుర్రకెక్కడం వేరు.

ఆ రోజే ఎర్రన్న బేరగాడితో మాట్లాడటానికి జమ్మలమడుగు పోయాడు. ఇన్స్పెక్టరు రాకముందే ఒకసారి పాఠం నడిపి చూద్దామని, మందను బడి ఆవరణలోకి తోలమని నాగమ్మతో చెప్పాను. ఆ పిల్ల నమ్మకంగా తోలింది.

మొదట లెక్కలు. ముప్పై ఆరులో మూడింట ఒక వంతు ఎంత? పిల్లలు పన్నెండన్నారు. పన్నెండు గొర్రెలకు గుర్తు పెట్టాలి. చూపుకు బాగుంటాయని, ఎర్రన్న అమ్మకానికి మేపిన పన్నెండింటినే ఎంచాను. సుద్దముక్క పెడితే నూనెజిడ్డు ఉన్నిమీద నిలవలేదు, పైగా హెడ్మాస్టరు గారు వారానికి రెండే ముక్కలు ఇచ్చేవారు. ఒక పిల్లవాణ్ణి వాడి ఇంటికి పంపి చేటెడు పసుపు తెప్పించాను. నల్ల గొర్రె నెత్తిమీద పసుపు ఎంత బాగా కనిపిస్తుందో మీకు చెప్పలేను.

నాగమ్మ చెయ్యెత్తింది. "అయ్యోరా, పసుపు వద్దు."

ప్రశ్నలు చివర్లో అడగాలి అన్నాను.

తర్వాత ఆ పన్నెండులో సగం ఎంత? ఆరు. ఆ ఆరింటికి పసుపు మీద కుంకుమ పెట్టించాను. నాగమ్మ మళ్ళీ చెయ్యెత్తింది. నేను చూడనట్టు సైన్సులోకి దిగాను. ఆకు అంచులు రంపంలా ఉండే చెట్టు ఏది? వేప. అయితే తలా ఒక రెమ్మ తెచ్చి గుర్తు పెట్టిన గొర్రెల మెడకు కట్టండి. కట్టారు. ఇక భూగోళం. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం వరసగా చెప్పుకుంటూ గొర్రెలతో బడి చుట్టూ తిరగాలి. ఒక్కసారి తిరిగితే దిక్కులు గుర్తుండవని మూడుసార్లు తిప్పించాను. అడుగులు తప్పకుండా ఉంటే కసరత్తు పీరియడు కూడా కలిసొస్తుందని ఒకడి ఇంటి నుంచి తప్పెట తెప్పించి కొట్టించాను.

పసుపు, కుంకుమ, వేపరెమ్మ, మూడు ప్రదక్షిణలు, తప్పెట. ఇప్పుడు చెప్పుకుంటే మీకు వెంటనే తెలిసిపోతోంది కదా? నాకు తెలియలేదు. నాకు కనిపించింది నాలుగు సబ్జెక్టులు. గోడ అవతల చేరిన ఊరి ఆడవాళ్ళు చెంపలు వేసుకుంటుంటే, నా బోధనకు ముగ్ధులయ్యారని అనుకున్నాను. నాగమ్మ మూడోసారి ఎత్తిన చెయ్యి దించకుండా అట్లే నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు. పాఠం ఆనందం అనుకున్నాను. అంత తెలివి నాకు.

సాయంత్రం ఎర్రన్న వచ్చాడు. మందను చూశాడు, నన్ను చూశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఏంది అయ్యోరా ఇది? నా జీవాలను నన్నడక్కుండా అమ్మకు మొక్కినావు. ఇంగ ఈటిని ఎవురు కొంటారు?"

అది భిన్నాల పాఠమని చెప్పబోయాను. కుంకుమ ఉన్నా లేకున్నా, పసుపు పెట్టి, వేప కట్టి, మూడు చుట్లు తిప్పిన గొర్రె అమ్మవారిదే. అమ్మకూడదు, కొనకూడదు, జాతరలో కోయాల్సిందే. కడిగేస్తానని బిందె అందుకున్నాను.

"కడిగితే పసుపు పోతాది. మొక్కు పోతాదా?" అన్నాడు ఎర్రన్న. "రేపట్నుంచి నాగమ్మ బడికి రాదు. మంద తోలుకోవాల."

నాగమ్మ నా వైపు చూసింది. తిట్టినా పడేవాణ్ణి. పలక నా బల్ల మీద పెట్టి పోయింది. ఈలోగా ఊళ్ళో ఇంకో కథ పుట్టింది: కొత్త అయ్యవారు ప్రొద్దుటూరికి ట్రాన్స్ఫరు కావాలని పన్నెండు పొట్టేళ్ళు మొక్కుకున్నాడట, శానా గట్టి మొక్కంట. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, "ఏమప్పా, ఏమీ చెయ్యొద్దంటి గదా" అని ఒక్క మాట అని తలుపేసుకున్నారు.

మర్నాడు పొద్దున, ఇన్స్పెక్టరు వస్తాడని తెలిసీ, నేను బడికి పోలేదు. ఎర్రన్న ఇంటికి పోయాను. తప్పు నాది, శిక్ష పిల్లకెందుకు, అమ్మవారినే అడుగుదాం పద అన్నాను. మొండితనం నాకు పుట్టుకతో వచ్చింది, ఆ ఒక్కరోజు పనికొచ్చింది. ముగ్గురం మందతో సహా అమ్మవారి పూజారి తిమ్మన్న దగ్గరికి పోయాం.

తిమ్మన్న అంతా విని గడ్డం గోక్కున్నాడు. గొర్రె మీద నీళ్ళు పోస్తే ఒళ్ళు విదిలించినదే అమ్మ ఒప్పుకున్న గొర్రె అని, విదిలించనిదాన్ని అమ్మ వదిలేసినట్టేనని తీర్పు చెప్పాడు. "ముందు బొచ్చు కత్తిరించుకోని రాపో ఎర్రన్నా. నీళ్ళు మాపటికి పోద్దాం" అన్నాడు.

నాగమ్మ అప్పుడు నోరు విప్పింది. "మాపటికి వద్దు తాతా. నీళ్ళు ఇప్పుడే పొయ్యి."

ఆ పిల్ల తొందర ఎందుకో తిమ్మన్నకు తెలియలేదు. నాకు తెలిసింది. గొర్రె ఉన్నికి జిడ్డు ఉంటుందని, జిడ్డు మీద నీళ్ళు నిలవకుండా జారిపోతాయని నెల కింద సైన్సులో నేనే చెప్పాను. ఒత్తుగా ఉన్ని ఉన్న గొర్రెకు నీళ్ళు చర్మం దాకా పోతే కదా విదిలించడానికి. నా జన్మలో ఒక పాఠం అంత బాగా పనిచేయడం నేను చూడలేదు. గుడ్లప్పగించి నిలబడ్డాను.

తిమ్మన్న చెంబుతో పోశాడు. మొదటి గొర్రె నెమరు వేస్తూ నిలబడింది. రెండోది అంతే. నీళ్ళు ముత్యాల్లా జారిపోతున్నాయి, గొర్రెలకు పట్టనేలేదు. పదకొండు అయ్యాయి. ఎర్రన్న ముఖంలోకి కళ వచ్చింది. పన్నెండోదాని మీద చెంబు వంచుతుండగా రోడ్డు మీద జీపు హారన్ మోగింది. గొర్రె ఉలిక్కిపడి మూతి నుంచి తోక దాకా విదిలించింది.

"అమ్మ ఒకటి తీసుకునింది. మొక్కినోడు నువ్వే సామీ, పట్టుకోని గుడి చుట్టూ తిరుగు" అన్నాడు తిమ్మన్న.

జీపులో వచ్చింది ఇన్స్పెక్టరు. బడిలో నేను లేనని తెలిసి గుడి దగ్గరికి వచ్చాడు. ఆయనకు కనిపించింది ఏమిటంటే, నొసట బెత్తెడు కుంకుమతో, మెడలో వేపమండతో, జంధ్యం బయటికి వేలాడుతుండగా, తప్పెట ముందు నడుస్తుండగా గొర్రెను లాక్కుపోతున్న అయ్యవారు. గొర్రె రానంటోంది. వెనక హెడ్మాస్టరు గారు కళ్ళు మూసుకుని ఉన్నారు.

"ఇది ఏ సబ్జెక్టు?" అని అడిగాడు ఇన్స్పెక్టరు.

నేను జంధ్యం లోపలికి దోపుకుంటున్నాను. నాగమ్మ ముందుకు వచ్చింది.

"అన్నీ సార్. ముప్పై ఆరు జీవాల్లో మూడింట ఒక వంతు పోతాదనుకున్నాం. ముప్పై ఆరింట ఒక వంతే పోయింది. మిగిలిన ముప్పై అయిదు వంతులు మావే. ఎందుకు మిగిలిందో అది సైన్సు, అది మాత్రం ఈడ చెప్పను."

ఇన్స్పెక్టరు ఆ పిల్ల పేరు అడిగాడు. తర్వాత బడి తనిఖీ పుస్తకంలో ఆయన రాసిన మాట నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: పిల్లలకు పాఠం అర్థమయినది; ఉపాధ్యాయునికి మరింత బాగా అర్థమయినది.

అమ్మవారి గొర్రెకు బదులు ఎర్రన్నకు పిల్ల గొర్రెను కొనిచ్చాను. మిగిలిన పదకొండూ అమ్ముడుపోయాయి, ఎద్దు వచ్చింది. ఆ ఆదివారం ప్రొద్దుటూరు పోతే, కబురు నాకంటే ముందే చేరి, మా నాన్న నన్ను గడప బయటే నిలబెట్టి, అమ్మవారికి నైవేద్యం బాగా ముట్టిందా అని అడిగాడు.

సోమవారం పొద్దున బడి తలుపు తీస్తే ఎర్రన్న నిలబడి ఉన్నాడు, పక్కన నాగమ్మ. బల్ల మీది పలక తీసి దాని చేతికిచ్చాను.

"బిడ్డ వస్తాది అయ్యోరా" అన్నాడు. "గొర్రెలు రావు."

కాబట్టి ముక్కోటి దేవతల సాక్షిగా, ముఖ్యంగా ఆ ఊరి అమ్మవారు పెద్దమ్మ తల్లి సాక్షిగా, ఆనాడు నేను చేసిన శపథం ఇది: ఈ జన్మలో మళ్ళీ గొర్రెకు పసుపు పూయను. మేకకూ పూయను. అన్ని పాఠాలూ కలిపి చెప్పడం మాత్రం మానను, ఎవరేమన్నా సరే. కానీ నాగమ్మ లాంటి పిల్ల ఏదైనా వెనక బెంచీలోంచి చెయ్యెత్తితే, పాఠాన్ని అక్కడే ఆపేసి, ముందు నేను కూర్చుంటాను.