రెండుసార్లు తీసిన స్టార్టర్ పాఠం

1993లో సిద్దిపేటలో నాకు చిన్న వీడియో దుకాణం ఉండేది. వీహెచ్ఎస్ కెమెరాతో పెళ్లిళ్లు తీసేవాణ్ణి. ఆ వానాకాలం అక్కన్నపేట దిక్కు ఒక ఊరి హైస్కూలు నుంచి సైన్సు సారు సత్తయ్య వచ్చారు. పదో తరగతి పిల్లవాడొకడు పొలం బాయికాడ మోటర్‌ను నడిపే స్టార్టర్ డబ్బా ముట్టుకుని షాక్‌తో చనిపోయాడట. మిగతా పిల్లలకు జాగ్రత్తలు చెప్పే వీడియో పాఠం తీయాలన్నారు.

ఎట్లా తీయాలన్న దగ్గరే మాకు పడలేదు. ఆయన బాయికాడికే పోదామన్నారు. "నా ముఖం ఎందుకు? పిల్లలకు స్టార్టర్ మీద చెయ్యి కనబడాలె" అన్నారు. అక్కడ వెలుతురు చాలదని, ట్రైపాడ్, అంటే కెమెరా నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు, బురదలో నిలవదని వాదించాను. నిజానికి బురదలోకి దిగడం నాకిష్టం లేదు. పని తెలిసినవాణ్ణని ఆయన నా మాట విన్నారు. ఆయన్ను బడిలో నల్లబల్ల ముందు నిలబెట్టి, వెనక సంగీతం కలిపి ఒక్క పూటలో ముగించాను. తడి చేతులతో ముట్టుకోవద్దు, ముందు మెయిన్ బంద్ చేయాలి అని ఆయన చక్కగానే చెప్పారు. బడిలో వేస్తే పిల్లలు కదలకుండా చూశారు. బాగా కుదిరిందనుకున్నాను.

నెల తిరగకముందే సారు మళ్లీ వచ్చారు. తొమ్మిదో తరగతి లక్ష్మికి కరెంటు కొట్టిందన్నారు. ఇద్దరం దవాఖానకు పోయాం. కుడిచేతి మూడు వేళ్లు తీసేశారు. తండ్రి రాజయ్య మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. మోటర్ నడవడం లేదని ఆ పిల్ల స్టార్టర్ మూత తీసి వైరు సవరించబోయిందట. మా వీడియో చూసినవా అని లక్ష్మిని అడిగాను.

"చూసిన సార్. మెయిన్ బంద్ చెయ్యమన్నరు. ఎర్ర బటనే మెయిన్ అనుకున్న. గా బటన్ ఒత్తినంకనే మూత తీసిన."

ఎర్ర బటన్ మోటర్‌ను మాత్రమే ఆపుతుంది. డబ్బాలో కరెంటు అట్లాగే ఉంటుంది. మా పాఠంలో మెయిన్ ఒక్కసారి కూడా కనబడలేదు. సారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

తర్వాతి వారం రాజయ్య పొలంలోనే మళ్లీ తీశాం. లైన్‌మన్‌ను పిలిపించి సప్లై ఆపించాం. కెమెరా స్టార్టర్ ఎత్తుకు రావాలని బురదలో మోకాళ్ల మీద కూర్చున్నాను. సంగీతం లేదు. రాజయ్య ఎర్ర బటన్ ఒత్తి, "గిది మెయిన్ కాదు" అన్నాడు. మోటర్ గది గోడకున్న హ్యాండిల్ కిందికి దించి, "గిది మెయిన్" అన్నాడు. నేను ఇంకో టేక్ అడగలేదు.

బడిలో అది చూపించిన రోజు లక్ష్మి లేదు. చదువు మానేసిందని తర్వాత తెలిసింది. ఆ తర్వాత చాలా పాఠాలు తీశాను. సారు నోట వచ్చే ప్రతి వస్తువూ పిల్లల కంటికి కనబడుతుందా అని చూసుకున్నాకే కెమెరా నడిపాను. నాకు ఆ బుద్ధి రావడానికి ఒక పిల్ల మూడు వేళ్లు పోయాయి.