పలక మీద మూడో పాట

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గర చెరుకు బండ్లు తూచే సిద్దిరాములుకు ఆదివారం ఇంకో తూకం ఉండేది. గుడిలో చదవబోయే బైబిలు వాక్యానికి సరిపడే పాటలు ఏరడం. ఫ్యాక్టరీ హాజరు పుస్తకంలో అతను సిద్దిరాములు, బాప్తిస్మం పుస్తకంలో సీమోను. ఏ పేరుతో పిలిచినా పలికేవాడు. పాటల విషయంలో సలహా చెప్పబోతే మాత్రం ఏ పేరుకీ పలికేవాడు కాదు.

నేను తిరిగిన ఊళ్లలో భజనలు చాలా విన్నాను. భీమ్‌గల్‌లో ఎవరి గొంతు పెద్దదైతే వాడిదే పాట. మాక్లూర్‌లో తాళాలు ఎవరి చేతిలో ఉంటే వాడిది. బోధన్‌లోని ఆ చిన్న పెంకుల గుడిలో పద్ధతి వేరు. రాబోయే ఆదివారం ఏ భాగం చదువుతారో గురువారం నాడు పాస్టరు అయ్యగారు చీటీ రాసి పంపుతారు. సిద్దిరాములు దాన్ని మూడుసార్లు చదివి, పాటల పుస్తకం చివరి పట్టికను వేలితో దువ్వి, మూడు నంబర్లు ఏరతాడు. పాఠానికి ముందొకటి, తర్వాత ఒకటి, ప్రసంగం అయ్యాక ఒకటి. ఆదివారం పొద్దున వాటిని సుద్దతో పలక మీద రాసి మేకుకు తగిలిస్తాడు. ఏరినవాడే ఎత్తుకోవాలి, మిగతావాళ్లు అందుకోవాలి.

వాక్యంలో నీళ్లుంటే పాటలోనూ నీళ్లుండాలి. పెండ్లి ఉంటే పెండ్లి. ఒకసారి పాఠంలో కోడి కూసింది. పుస్తకమంతా వెతికితే ఒక్క కోడి దొరకలేదు. రెండు రోజులు సరిగ్గా తిండి తినలేదట. చివరికి తెల్లవారుజాము పాట పెట్టి, "కోడి లేకుంట తెల్లారదు గద అయ్యగారూ" అన్నాడు. ఇరవై ఏళ్లలో ఒక్క పాట కూడా తూకం తప్పలేదన్నది అతని గొప్ప. ఆ గొప్ప ఊళ్లో అందరికీ తెలుసు, ఎందుకంటే అతనే చెప్పేవాడు.

అరవై నాలుగులో, ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాలు నడుస్తుండగా, ఒక మంగళవారం అతని తమ్ముడు రాజమల్లు తిరిగొచ్చాడు. తొమ్మిదేళ్ల కిందట దెగ్లూర్ వైపు నుంచి వచ్చిన ఒక తమాషా ఆటపాటల మేళం వెంట పోయిన మనిషి. ఒక్కడే పోలేదు, తండ్రి ఇద్దరికీ కలిపి వదిలిపోయిన ఒకే ఒక్క ఆస్తిని, హార్మోనియాన్ని, భుజాన వేసుకుని పోయాడు. ఇప్పుడు ఖాళీ భుజాలతో వచ్చాడు. సిద్దిరాములు పలకరించలేదు, లోపలికి రమ్మనలేదు. రాజమల్లు బయట బండి కొట్టంలో పడుకున్నాడు. తల్లి భూమవ్వ అక్కడికే రొట్టె పట్టుకెళ్లేది.

గురువారం చీటీ వచ్చింది. ఆస్తి పట్టుకుపోయి, పాడు చేసుకుని, ఇంటికి తిరిగొస్తే తండ్రి విందు చేసిన చిన్నకొడుకు కథ.

సిద్దిరాములు చీటీ పట్టుకుని నేరుగా అయ్యగారి ఇంటికి పోయాడు. "గిది నా మీదికే పెట్టిండ్రు గదా?"

అయ్యగారు ఏడాది పాఠాల అచ్చు పట్టిక చూపించారు. "పోయిన ఏడే అచ్చయిందండీ. అప్పటికి మీ తమ్ముడు వస్తాడని మద్రాసులో అచ్చువేసేవాళ్లకు ఎలా తెలుస్తుంది?"

తెలియదు. అయినా అనుమానం పోలేదు. ఆ సాయంత్రమే మూడు పాటలు ఏరాడు, మూడూ పశ్చాత్తాపం పాటలే. కొట్టంలో ఉన్నవాడికి వినపడేలా వాకిట్లో నిలబడి చదివాడు. భూమవ్వకు అక్షరం రాదు, విన్న కథ మాత్రం మరిచిపోదు.

"ఏం బిడ్డా, మూడింటికి మూడు చిన్నోని ఏడ్పేనా?"

"కథ గదే గదనే అవ్వా. చెడిపోయిండు, ఏడ్శిండు, ఇంటికచ్చిండు."

"అచ్చినంక అయిపోయిందా? పెద్దోడు చేన్లకెల్లి అచ్చి, గల్మ బయట నిలవడి మొకం మాడ్సుకుంటడు గద. వానికి పాటేది?"

"వానికేం పాటనే? వాడేం తప్పు జేసిండు?"

"గందుకే అడుగుతున్న. తప్పు జేయనోడు లోపటికెందుకు రాలే?"

పాటల లెక్కలో తల్లి మాట కూడా వినని మనిషి, ఆ ఒక్క మాటకు మళ్లీ పుస్తకం తీశాడు. పాపికి పాట ఉంది, రోగికి ఉంది, వానకు, పంటకు, చావుకు ఉన్నాయి. గడప బయట నిలబడ్డ అన్నకు లేదు. లోకంలో పాటలు రాసేవాళ్లంతా చిన్నకొడుకులే అయి ఉంటారని నాకూ చాలా కాలంగా అనుమానం.

ఆదివారం పలక మీద రెండే నంబర్లున్నాయి. మూడో చోటు ఖాళీ.

"సుద్ద అయిపోయిందా ఏంది సిద్దిరాములన్నా?" అంది ఆడవాళ్ల వైపు నుంచి చంద్రవ్వ.

రాజమల్లు గుమ్మం బయట చెప్పుల మధ్య కూర్చుని ఉన్నాడు. రెండు పాటలు అయ్యాయి, పాఠం అయింది, ప్రసంగం అయింది. అయ్యగారు పలక వైపు, ఆ తర్వాత మనిషి వైపు చూశారు. "మూడోది ఏదండీ సీమోను గారూ?"

సిద్దిరాములు లేచి గుమ్మం దాకా నడిచాడు.

"లోపటికి రా."

"ఈడ మంచిగనే ఉన్న అన్నా."

"ఏం మంచిగ? చెప్పులల్ల కూసున్నవ్. అచ్చి పాట ఎత్తుకో."

"ఏది?"

"నీకేదొస్తే గది."

"నాకు ఒక్కటే యాదికున్నదే."

"గదే ఎత్తుకో రా!"

రాజమల్లు లోపలికొచ్చి, కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు. క్రిస్మస్ పాట! మార్చి ఎండలో, శ్రమదినాల నడుమ, చుక్క పొడిచింది, గొల్లలు వచ్చారు, ఊయల ఊగింది. అయ్యగారు పుస్తకం మూసేశారు. ముందు చంద్రవ్వ నవ్వింది, తర్వాత అందుకుంది, తర్వాత గుడంతా అందుకుంది. సిద్దిరాములు పాడుతూనే పోయి, పుస్తకం చూడకుండానే ఆ నంబరు పలక మీద రాశాడు.

బయటికొచ్చాక అయ్యగారు ఉండబట్టలేక అడిగారు. "ఆ పాటకూ ఈనాటి పాఠానికీ సంబంధం ఏమిటండీ?"

"సచ్చిన కొడుకు మల్ల బతికిండని తండ్రి అన్నట్టు పాఠంల ఉన్నది గద అయ్యగారూ. అంటే మల్ల పుట్టినట్టే గదా?" అన్నాడు సిద్దిరాములు. తూకం తప్పిందని ఎట్లా ఒప్పుకుంటాడు?

ఆ మధ్యాహ్నం అన్నదమ్ములు ఒకే చాప మీద తిన్నారు. సగం తిన్నాక సిద్దిరాములు అడిగాడు. "హార్మోనియం మూడో మెట్టు పలుకకపోతుండె. అమ్మేటప్పుడు కొన్నోనికి చెప్పినవా?"

"చెప్పలే."

కాటా మనిషి పళ్లెం పక్కకు జరిపాడు.

"మంచిది," అన్నాడు. "ఒక పశ్చాత్తాపం పాట మిగిలింది. వచ్చే ఐతారం పెడ్త. నువ్వే ఎత్తుకో."